జ్ఞాపకార్థం ఇచ్చిన టైర్లు

ఒక్క కారుకి ఏడాది తిరక్కుండా రెండుసార్లు నాలుగేసి కొత్త టైర్లు వేయించిన మనిషి కాశీబుగ్గ మొత్తమ్మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను. రెండోసారి వెళ్ళినప్పుడు హైవే పక్క షాపాయన కారు చుట్టూ తిరిగి, వంగి, టైరు గాడిలో వేలు పెట్టి లోతు చూసి, "ఇయ్యి కొత్తయే కదా మేడం, ఏటైనాది ఈటికి?" అన్నాడు. వీటికేం కాలేదు, ఇవి నావి కావు, తీసెయ్యండి అన్నాను. కారు నాదే, టైర్లు నావి కావంటే ఎవరికి అర్థమవుతుంది? కానీ అతను నా మొహం చూసి, జాకీ తెమ్మని లోపలికి కేకేశాడు.

నేను పలాస దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. అది నా జీతం మీద సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్న చిన్న కారు. మా నాన్న ఉద్దానంలో ఒక ఊరికి పాస్టరు. కొబ్బరి తోటల మధ్య బాప్టిస్టు చర్చి, దాని వెనకే సంఘం కట్టించి ఇచ్చిన ఇల్లు, అందులో నాన్నా నేనూ. అమ్మ పోయి చాలాకాలమైంది. కళ్ళు మందగించాక నాన్న స్కూటరు మానేశాడు. ఆటో ఎక్కితే ఇసక దారుల కుదుపుకి నడుం పట్టేస్తుంది. అందుకని సాయంత్రాలూ, ఆదివారాలూ నేనే డ్రైవర్ని. నాన్న ఎడమ సీట్లో కూర్చుని, బైబిలు సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఎవరింట్లో ఏ కష్టముందో దారి పొడుగునా చెబుతూ ఉండేవాడు. ఆ ప్రయాణాలంటే నాకిష్టంగా ఉండేది. ఈ మాట ముందే చెప్పకపోతే తర్వాత చెప్పేదంతా ఒట్టి కడుపుమంటలా వినిపిస్తుంది.

మేము తప్పకుండా వెళ్ళే ఇల్లు ఒకటుండేది. ఆ ఇంటావిడ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి పప్పు తీసే పని చేసేది. జీడి తొక్కలో ఉండే నూనె తగిలితే చర్మం కాలుతుంది. ఆ పని చేసేవాళ్ళ వేళ్ళు నల్లబడి, సందుల్లో తోలు ఊడి వస్తూ ఉంటుంది. ఒకరోజు ఎవరో ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. చేతులకి తొడుగులు ఇస్తున్నారా అని అడిగితే ఇస్తున్నారని చెప్పాలని ముందే నేర్పి, ఆడవాళ్ళని వరసగా నిలబెట్టారు. అందరూ ఇస్తున్నారన్నారు. ఈవిడ మాత్రం రెండు చేతులూ చాపి చూపించింది. 

ఆ ఫ్యాక్టరీ యజమానే మా చర్చికి సంఘపెద్ద. ఆవిడ పని పోయింది. సరే, అలాంటిది ఎక్కడైనా జరుగుతుంది. కానీ తర్వాతి ఆదివారం కమిటీ కూర్చుని, సంఘాన్ని అల్లరిపాలు చేసింది కాబట్టి పెద్దాయనకి క్షమాపణ చెప్పుకునేదాకా ఆవిడకి ప్రభు బల్ల లేదని తీర్మానించింది. నెలకోసారి సంఘమంతా రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటూ ఉంటే ఆవిడ వెనక చాప మీద తల వంచుకుని కూర్చోవాలి. కొన్నాళ్ళు అలాగే కూర్చుంది, తర్వాత చర్చికి రావడం మానేసింది. క్షమాపణ మాత్రం చెప్పలేదు.

ఆ తర్వాత ఆవిడ కిడ్నీలు పాడయ్యాయి. మా వైపు ఇంటింటా ఉన్న జబ్బే, దాని గురించి ఎవరూ వివరాలు అడగరు, "ఆవిడిక్కూడానంట" అంటే చాలు. పలాసలో డయాలసిస్, ఇంటి దగ్గర రోజుకి ఇన్నేనని నీళ్ళు కొలుచుకుని తాగడం. మేము వెళ్తే మాకు చెంబుతో మంచినీళ్ళిచ్చి, మేము తాగుతున్నంతసేపూ అటు తిరిగి కూర్చునేది. నాన్న ఆవిడ పక్కన కూర్చుని ప్రార్థన చేసేవాడు. "బల్ల సంగతి కమిటీది. ప్రార్థన సంగతి నాది, దానికి నేనెవర్నీ అడగను" అనేవాడు తిరిగి కారెక్కాక. అప్పట్లో మా నాన్నని చూసి నిజంగా గర్వపడ్డాను.

ఆ తిరుగుళ్ళకి టైర్లు గాళ్ళు అరిగి గుండైపోయాయి. ఒక వానాకాలం సాయంత్రం చెరువు గట్టు మీద బ్రేకు వేస్తే కారు ఆగకుండా పక్కకి జారింది. నాన్న "ప్రభువా" అన్నాడు. నేనన్న మాట ఇక్కడ రాయలేను. ఇక మార్చాల్సిందేనని ఆ రాత్రే అనుకున్నాను. లెక్కల టీచర్ని కదా, ఊరికే షాపుకెళ్ళి ఏదో ఒకటి వెయ్యమనడం నా చేత కాదు. టైరు పక్కన రాసి ఉండే అంకెలకి అర్థాలు నేర్చుకున్నాను. మన ఇసకకి, మన వానకి నీళ్ళని బయటికి తోసే గాళ్ళు ఎలా ఉండాలో చదివాను. కారుతో వచ్చిన సైజు మార్చకూడదని రూఢి చేసుకున్నాను. క్రిస్మస్ సెలవుల్లో కొందామని కంపెనీ కూడా ఖాయం చేసుకుని పెట్టుకున్నాను.

ఈలోగా కోతల పండుగ వచ్చింది. మా చర్చిలో ఆ రోజు ఎవరి పంటలో మొదటిది వాళ్ళు తెస్తారు. కొత్త బియ్యం, కంద, గుమ్మడికాయలు, కొబ్బరి గెలలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. ఆరాధన అయ్యాక ఆవరణలో వాటిని వేలం వేస్తారు. ఒక్క కొబ్బరికాయకి పంతాలకి పోయి పాడతారు. కాయ కోసం కాదు, మైకులో పేరు వినబడ్డం కోసం. ఆ ఏడాది పెద్దాయన ఇంకెవరూ అందుకోలేనంత పాట పాడి, గెలుచుకున్న గుమ్మడికాయని చంకన పెట్టుకునే మైకు అందుకున్నాడు.

"మన అయ్యగోరి కారు టైర్లు సూసినారా? గుండైపోనాయి. మనం సూత్తూ ఊరుకుంటే దేవుడు ఊరుకుంటాడా? నాలుగూ నానే ఏయిత్తాను. మా అమ్మ జ్ఞాపకార్థం!"

జనం స్తోత్రం, స్తోత్రం అన్నారు. అది అయ్యగారి కారు కాదనీ, అయ్యగారి కూతురు కష్టపడి కొనుక్కున్న కారనీ ఒక్కరికీ గుర్తు రాలేదు.

మా చర్చిలో ఏ వస్తువూ ఊరికే ఉండదు. ఫ్యాన్ రెక్కల మీద, గోడ గడియారం మీద, ప్లాస్టిక్ కుర్చీల వీపుల మీద, చేతులు కడుక్కునే కుళాయి పైన గోడ మీద, ఫలానావారి జ్ఞాపకార్థం ఫలానావారి కానుక అని రాసి ఉంటుంది. కరెంటు పోయి ఫ్యాన్లు ఆగినప్పుడు పిల్లలం తలెత్తి ఆ పేర్లు చదువుకునేవాళ్ళం. నాకు అదెప్పుడూ తప్పుగా తోచలేదు. అది నా కారు చక్రాల దాకా వస్తుందని మాత్రం అనుకోలేదు.

ఇంటికొచ్చాక నాన్నతో గట్టిగానే అన్నాను. నా కారుకి నేను వేయించుకోగలను, వద్దని చెప్పు అన్నాను.

"కానుక వద్దనకూడదమ్మా. ఇచ్చేవాడి మనసు నొచ్చుకుంటుంది."

"ఆయన ఊరికే ఇచ్చే మనిషేనా నాన్నా?"

"అంత అనుమానం పనికిరాదు" అన్నాడు నాన్న, పక్క దులుపుకుంటూ.

షాపుకి పెద్దాయన తన పెద్ద కారులో ముందే వచ్చి కూర్చున్నాడు. నేను సైజు చెప్పాను, కంపెనీ చెప్పాను. షాపాయన ఒక టైరు దొర్లించుకుంటూ తెచ్చి ముందు నిలబెట్టాడు. సరిగ్గా నేను అనుకున్నదే. పెద్దాయన దాన్ని కాలి బొటనవేలితో తాకి చూశాడు.

"అదేటి తల్లీ, సైకిల్ టైరులాగున్నాది. మా అమ్మ పేరుమీద ఇచ్చినది నలుగురి కళ్ళకీ ఆనాల కదా. ఎడల్పుయి సూపించవయ్యా."

"ఎడల్పుయి పడతాయి గానండి, స్టీరింగు పూర్తిగా తిప్పితే లోపల రాసుకుంటాయి" అన్నాడు షాపాయన.

"పూర్తిగా తిప్పడానికి మనమేటి సర్కస్ సేత్తన్నామా?"

అందరూ నవ్వారు. నేను నాన్న వైపు చూశాను. ఇచ్చే చెయ్యి ఆయనది, ఆయన ఇష్టం అన్నట్టు నాన్న తల ఊపాడు. నా కారు మీద నా మాట అక్కడితో అయిపోయింది.

బిగించాక ప్రార్థన. గాలి మిషను ఆపించారు. షాపాయన ఏ దేవుడి మనిషో నాకు తెలియదుగానీ పాపం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈ చక్రాలు ఎక్కడ బాధ ఉంటే అక్కడికి తిరుగును గాక అని నాన్న ప్రార్థించాడు. మధ్యలో నేను కళ్ళు తెరిచి చూస్తే పెద్దాయన కళ్ళు తెరుచుకునే ఉన్నాడు, ఫోనుతో ఫోటోలు తీస్తున్నాడు. ఆ తర్వాత రేడియం స్టిక్కర్లు కత్తిరించే మనిషిని పిలిపించి, నన్నడగకుండా వెనక అద్దం నిండా అక్షరాలు అంటింపించాడు. ప్రభువునందు నిద్రించిన తన తల్లిగారి జ్ఞాపకార్థం ఈ వాహనమునకు నాలుగు టైర్లు సమర్పించినట్టు, తన పేరు అందులో అన్నిటికంటే పెద్దగా ఉండేట్టు. మర్నాడు స్కూల్లో సోషల్ మాస్టారు అద్దం దగ్గర నిలబడి మొత్తం చదివి, "మరి ఇంజన్ ఎవరి జ్ఞాపకార్థం మేడం?" అన్నారు. నేనూ నవ్వాను. ఏడవలేక.

అద్దం మీద అంత రాసుకున్నాక ఆ కారు ఎక్కడున్నా పెద్దాయనకి తెలిసిపోయేది. చెప్పులు కొనుక్కోవడానికి నేను సోంపేట వెళ్తే నాన్నకి ఫోను: "కారు సోంపేటలో కనబడ్డాదంట, సంఘం పనేనా అయ్యగోరూ?" టెక్కలిలో నా స్నేహితురాలి ఇంట్లో పెళ్ళికి వెళ్తే మళ్ళీ ఫోను. తనది కాని కారు పెట్రోలు గురించి కూడా ఆయన బెంగపెట్టుకున్నాడు.

టైర్లు వేయించిన వారంలోనే ఆ జీడిపప్పు ఆవిడ ఇంటికి బయల్దేరాం. సగం దారిలో ఫోను మోగింది. నాన్నకి చెవి దగ్గర పెట్టుకుంటే సరిగ్గా వినబడదు, స్పీకర్లో పెట్టాడు. పెద్దాయన గొంతు మెత్తగానే ఉంది. "ఎటు ఎల్తన్నారో నానడగను అయ్యగోరూ. కానీ మా అమ్మ పేరు ఆ ఇంటి గుమ్మం ముందర మాత్రం నిలబెట్టీకండి. ఆ టైర్లు అక్కడికి ఎల్లవని నాకు మాటియ్యండి."

నాన్న ఎడమ పక్క కొబ్బరి చెట్ల వైపు చూపు తిప్పుకున్నాడు. తర్వాత, "సరే నాయనా" అన్నాడు.

కారు వెనక్కి తిప్పమన్నాడు. ఆ ఇరుకు దారిలో స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు లోపల బర్రుమని రాసుకుంది.  

గుండు టైర్ల మీద వెళ్ళిన ఇంటికి కొత్త టైర్ల మీద వెళ్ళడం మానేశాం. ఒకసారి బీపీ అన్నాడు, ఒకసారి ఎండ అన్నాడు. "ఇంత చిన్న విషయానికి సంఘం రెండు ముక్కలైపోతుందమ్మా" అని ఒకసారి. నేనొక్కదాన్నే ఆటోలో రెండు మూడుసార్లు వెళ్ళి చూసొచ్చాను. ఆవిడ చిక్కి సగమైంది. నాన్న ఎందుకు రాలేదని అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఎండలు ముదిరాక ఒకరోజు ఆవిడ భర్త మా ఇంటికి వచ్చాడు. కొబ్బరికాయలు దింపే మనిషి. లోపలికి రమ్మన్నా రాకుండా మెట్ల కింద నిలబడి, తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"దానికి ఇంకేటీ అక్కర్నేదంటన్నాది అయ్యగోరూ. ఒక్కపాలి మీ సేత్తో రొట్టి, రసం తీసుకోవాలంట. చర్చిలో కాదు, ఇంటికాడే. ఎన్నాళ్ళుంటాదో తెల్దు."

మంచం పట్టినవాళ్ళకి పాస్టరు ఇంటికెళ్ళి ప్రభు భోజనం ఇవ్వడం మాలో ఉన్నదే. అందుకని చిన్న చిన్న గాజు కప్పులున్న పెట్టె ఒకటి నాన్న బీరువాలో ఉంటుంది. వేరేవాళ్ళు ఇవ్వడానికి లేదు, పాస్టరే ఇవ్వాలి. నాన్న కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "వస్తాను నాయనా, చూస్తాను" అన్నాడు. అతను దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

వారం గడిచింది. నేను రోజూ అడిగాను. చివరికి నాన్న విసుక్కున్నాడు. "నాకు మాత్రం లేదా అమ్మా? ఆ టైర్లు అక్కడికి వెళ్ళవని మాటిచ్చాను. పాస్టర్ని, మాట తప్పమంటావా? ఆ టైర్లే లేకపోతే ఈపాటికి వెళ్ళొచ్చేవాళ్ళం."

"టైర్లు మారిస్తే వస్తావా?"

"ఎందుకు రాను?"

నేను ఆ మాట పట్టుకున్నాను. మర్నాడు శనివారం, బడికి సెలవు పెట్టాను. సాయంత్రం వస్తున్నామని ఆవిడ భర్తకి ఫోను చేసి చెప్పేశాను. కాశీబుగ్గ వెళ్ళి, మొదట్నించీ నేననుకున్న కంపెనీ, నేననుకున్న సైజు, నాలుగూ నా కళ్ళ ముందు బిగింపించుకున్నాను. ఏ వారంలో తయారయ్యాయో టైరు మీది అంకెలు చదివి మరీ తీసుకున్నాను. బ్యాలెన్సింగ్ అయ్యేదాకా స్టూలు మీద కూర్చుని టీ తాగాను. చాలా నెలల తర్వాత నా కారు నాకు దొరికినట్టుంది. విప్పిన నాలుగు టైర్లనీ ట్రాలీ ఆటోలో వేయించి, పెద్దాయన ఫ్యాక్టరీ గేటు దగ్గర దింపి రమ్మన్నాను. ఒక బ్లేడు, సబ్బు నీళ్ళు అడిగి తీసుకుని వెనక అద్దం నేనే గీకాను. గోళ్ళు విరిగాయి. అయినా హాయిగా ఉంది.

ఇంటి ముందు ఆపి హారన్ కొట్టాను. నాన్న తెల్ల చొక్కా వేసుకుని వరండాలోకి వచ్చాడు. చక్రాల వైపు చూశాడు, వెనక్కి నడిచి అద్దం చూశాడు.

"ఆయన టైర్లేవి?"

"వాళ్ళ గేటు దగ్గరికి పంపించేశాను."

నాన్న అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. "ఎంత పని చేశావమ్మా! రేపు ఆదివారం. ఆయన మొహం ఎలా చూడను?"

"నువ్వే అన్నావు కదా, టైర్లు మారిస్తే వస్తానని."

"అన్నాను. నువ్వు నిజంగా మారుస్తావనుకోలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ ఆ టైర్లని తిట్టుకున్నాను, పాపం వాటి తప్పేం ఉంది! అవి లేకపోతే నడుం అడ్డం వచ్చేది, ఎండ అడ్డం వచ్చేది. "ఆవిడ మొహం ఎలా చూస్తావు మరి?" అని అరిచాను.  ఈ ఇల్లు సంఘానిదమ్మా, ఈ వయసులో ఎక్కడికి పోతాం అని నాన్న గొణిగాడు. నా జీతంతో అద్దెకుండలేమా అన్నాను. ఆయన మెట్టు మీంచి లేవలేదు. పోనీ ఆ పెట్టె నాకివ్వు అని లోపలికెళ్ళి బీరువా మీద చెయ్యి వేశాను. అప్పుడు మాత్రం గబగబా లేచి వచ్చి, తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"అది నీ చేతి పని కాదు. నాకే అధికారం ఉంది."

పెద్దాయన ముందు ఎప్పుడూ లేవని గొంతు నా ముందు లేచింది. ఆ క్షణాన మా నాన్న మీద కలిగిన అసహ్యం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆయనకి వంట చేసి పెడతాను, కళ్ళల్లో మందు వేస్తాను, చర్చికి తీసుకెళ్తాను. అది మాత్రం పోలేదు.

ఒక్కదాన్నే వెళ్ళాను. వాళ్ళింటి సందు మలుపులో స్టీరింగు పూర్తిగా తిప్పాను, చప్పుడు లేకుండా తిరిగింది. వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి ఉంది. స్టూలు మీద ఉతికిన తెల్లటి గుడ్డ పరిచారు. ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, తల నిండా కొంగు కప్పుకుని కుర్చీలో కూర్చుని ఉంది. బల్ల దగ్గరికి వచ్చే ఆడవాళ్ళు అలాగే కప్పుకుంటారు.

మా వైపు పాస్టరు కారు దిగేటప్పుడు ఎవరో ఒకరు తలుపు తీసి పట్టుకుంటారు. ఆవిడ భర్త పరుగున వచ్చి ఎడమ తలుపు తీశాడు. సీటు ఖాళీగా ఉంది. ఒకసారి వెనక సీట్లోకి కూడా తొంగి చూసి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.

"అయ్యగోరు ఎనకాల వత్తన్నారేటమ్మా?"

"లేదు. రానన్నారు" అన్నాను. సర్ది చెప్పడానికి నాకు మనసు రాలేదు.

అతను స్టూలు వైపు చూసి తల దించుకున్నాడు. ఆవిడే నన్ను పిలిచింది. "మీరొచ్చినారు కదమ్మా, రండి, కూకోండి. టైర్లు కొత్తయి ఏసినారు, బాగున్నాయి" అంది. తర్వాత తల మీది కొంగు మెల్లగా భుజం మీదకి జార్చుకుంది. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి.

"పొద్దుట్నించి నీళ్ళు ముట్టుకోనేదమ్మా. ఆ ఒక్క సుక్క రసం తాగాల కదా, ఎక్కువైపోతాదేమోనని ఆపుకున్నాను" అంది. నా మొహంలోకి చూసింది. "ఇంక తాగీమంటారా?"

తాగమన్నాను.